చల్లపల్లి జీపులో ట్యాపెట్ల సందు

ఆ ఉదయం విజయవాడ ఆటోనగర్ షెడ్డులో ఉన్న మనుషులు: షెడ్డు ఓనర్ గారు, అందరూ భాయ్ అని పిలిచే హెడ్ మేస్త్రీ, చల్లపల్లి నుంచి వచ్చిన చెరువుల ఆసామి, ఆయన డ్రైవరు, అప్పట్లో ఆ షెడ్డు ఇంజనీరునైన నేను. ఉన్న వస్తువులు: బానెట్ ఎత్తిన ఓపెన్ టాప్ జీపు ఒకటి, దాని ఇంజన్ నుంచి విప్పి బల్ల మీద వరసగా పేర్చిన, వాల్వులను నొక్కే పన్నెండు రాకర్లు, సన్నటి సందులు కొలిచే రేకుల ఫీలర్ గేజ్ ఒకటి, అంచు కాలి తెగిపోయిన ఎగ్జాస్ట్ వాల్వు, ఎవరూ ముట్టని ఐదు టీలు. అందరం ఆ వాల్వు వైపే చూస్తున్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోవడం లేదు.

నాకు రిటైరయ్యే వయసు రాలేదు. ఆ షెడ్డు ఉద్యోగం నుంచి మాత్రం రిటైరయ్యాను. ఇప్పుడు ఇన్సూరెన్సు సర్వేయర్ని. నలిగిన బండి ముందు నిలబడి, చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పేదాంట్లో ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడమే నా పని. ఆ విద్య కాలేజీలో రాలేదు, ఈ జీపు దగ్గర వచ్చింది. మెకానికల్ చదివి, ఇంజన్లంటే ఇష్టంతో షెడ్డుల్లోకి రాబోతున్నవాళ్ళు మీలో ఉంటే, క్యామ్ షాఫ్ట్ ఎంచుకునే ముందు ఇది ఒకసారి చదవండి.

అంతా ఆసామి కోరికతో మొదలైంది. ఆయనకు చల్లపల్లి దగ్గర చేపల చెరువులున్నాయి. మార్కెట్ పనుల మీద తరచు విజయవాడ వచ్చి వెళ్తుంటాడు. ఆరు సిలిండర్ల పాత పెట్రోల్ ఇంజన్ ఉన్న ఆ జీపంటే ఆయనకు ప్రాణం.

"రోజూ తిరగడానికి ఉండాల. దాంతోపాటు లాగుడు ఉండాల. మా బావమరిది కొత్త కారు కొన్నాడండీ. బైపాస్ మీద వాణ్ణి ఒక్కసారి దాటాల. ఇంకేం అడగను," అన్నాడు.

"దాటాక?" అన్నారు ఓనర్ గారు.

"దాటాక అద్దంలో వాడి మొహం చూస్తానండీ."

ఆ మొహం కోసం క్యామ్ షాఫ్ట్ మార్చాలి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయించే కడ్డీ అది. ఆ ఇంజన్‌కి రెండు రకాలు దొరుకుతున్నాయి. మొదటిది సాలిడ్. దీంట్లో, క్యామ్ తోపుని వాల్వు వైపు అందించే ట్యాపెట్ గట్టి ఇనప ముక్క. రాకర్‌కీ వాల్వుకీ మధ్య సన్నటి సందు వదలాలి. ఆ సందు వల్ల ఇంజన్ టిక్కుటిక్కుమంటుంది. అప్పుడప్పుడూ కొలిచి సరిచేస్తుండాలి. కానీ ఎంత స్పీడులో తిప్పినా వాల్వులు మాట వింటాయి. రెండోది హైడ్రాలిక్. దీని ట్యాపెట్ లోపల ఆయిల్ నిండే చిన్న గది ఉంటుంది. సందుని ఆ ఆయిలే పూడుస్తుంది. చప్పుడు ఉండదు, కొలిచే పని ఉండదు. బాగా పైస్పీడులో మాత్రం కాస్త వెనకబడుతుంది.

నేను సాలిడ్ అన్నాను. భాయ్ హైడ్రాలిక్ అన్నాడు.

"రోడ్డు బండికి మోత ఎందుకయ్యా ఇంజనీరూ? మోగే ఇంజన్ గేటు దాటితే మెకానిక్కి సిగ్గు."

"అది మోత కాదు భాయ్. ఉండాల్సిన చప్పుడు."

"నా చేతి ఇంజన్ నడుస్తుంటే దాని మీద రూపాయి బిళ్ళ నిలబెట్టేవాణ్ణి. చప్పుడు ఉండాలని ఈ షెడ్డులో ఇప్పటిదాకా ఎవడూ అనలేదు."

ఆయన అభ్యంతరం అంతే. పరువు. నా దగ్గర స్పీడుకీ పవర్‌కీ గీసిన గ్రాఫు ఉంది. ఓనర్ గారు ఆసామిని అడిగారు. ఆసామికి గ్రాఫులో అర్థమైంది ఒక్కటే: ఒక గీత కొస రెండో గీత కంటే పైకి వెళ్తోంది. "పైకెళ్ళేదే వెయ్యండి," అన్నాడు.

సాలిడ్ వేశాం. ఎగ్జాస్ట్ వాల్వుల సందు, ఇంజన్ వేడి మీద, పద్దెనిమిది థౌ పెట్టాం. అంగుళంలో వెయ్యో వంతుని షెడ్డుల్లో థౌ అంటారు. సందు సరిచేసే స్క్రూ కదలకుండా దాని మీద ఒక లాక్ నట్ ఉంటుంది. బిగింపు పూర్తయ్యాక ప్రతి నట్ మీదా, స్క్రూ మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక్కో గీత గీశాను. ఎవరు తిప్పినా గీత విరుగుతుంది. కాలేజీ వర్క్‌షాపులో నేర్పిన అలవాటు.

భాయ్ వంగి చూశాడు. "ఏంటిది?"

"గుర్తు భాయ్."

"ఎవరి మీద?"

నేను పెయింటు డబ్బాకి మూత పెట్టాను. ఆయన చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

నెల తిరిగేసరికి జీపు వెనక్కి వచ్చింది. లాగడం లేదని ఫిర్యాదు. స్టార్ట్ చేసి చూశాను. ఇంజన్ ఒక కాలు ఈడుస్తున్నట్టు తిరుగుతోంది కానీ టిక్కుటిక్కుమనడం లేదు. అదే నన్ను భయపెట్టింది. సాలిడ్ ట్యాపెట్లు చప్పుడు మానేశాయంటే సందు లేదని అర్థం. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోని వాల్వు అంచు మీదుగా మంట పోతూ దాన్ని కాలుస్తుంది. రాకర్ల మీద ఉండే వాల్వు కవరు తీసి కొలిచాను. నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్‌లో అన్నింటికన్నా పల్చటి రేకు కూడా దూరలేదు. పన్నెండు నట్ల మీదా తెల్ల గీతలు విరిగి ఉన్నాయి. అన్నీ బిగించే వైపే తిరిగాయి.

ఇంజన్ హెడ్ విప్పాం. వాల్వు బయటికొచ్చింది. మొదట చెప్పిన ఉదయం అదే.

ముందు ఆసామి నోరు విప్పాడు. "మొదటి రోజు టిక్కుటిక్కుమన్నప్పుడే అనుకున్నానండీ. పాత సరుకు కడిగి కొత్తదని వేసినట్టున్నారే."

"పెట్టె మీ ముందే విప్పాం కదండీ," అన్నారు ఓనర్ గారు.

"పెట్టె కొత్తదేనండీ. పెట్టె సంగతి నేనేం అనలా."

ఓనర్ గారు భాయ్ వైపు తిరిగారు. భాయ్‌కి ఆ మధ్యనే ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. "భాయ్, గేజ్ మీద నంబర్లు కనపడుతున్నాయా నీకు?"

"నాకు కనపడకపోతే ఈ కుర్రాడికి కనపడేవిగా. నా మీద కాపలాకే కదా ఈ గీతలు గీసింది."

నేను డ్రైవర్ని అడిగాను. "నేను బానెట్ ఎత్తలేదండీ. నీళ్ళు చూడ్డానికి ఎత్తితే ఎత్తానేమో," అన్నాడు. అన్నాక ఆసామి వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

నా మనసులో అనుమానితుల వరస ఇలా ఉంది. ఒకటి, భాయ్. వాదంలో ఓడిపోయాడు, సాలిడ్ చెడితే ఆయన మాట గెలుస్తుంది. పైగా పన్నెండు నట్లనూ తిప్పి మళ్ళీ పద్ధతిగా బిగించింది తెలిసిన చెయ్యి. రెండు, పక్క షెడ్డువాళ్ళు. మూడు, ఆ చూపు వల్ల, డ్రైవరు. ఆసామిని వరసలో పెట్టలేదు. తన బండిని తానెందుకు పాడుచేసుకుంటాడు?

ఓనర్ గారు తీర్పు చెప్పారు. "శుక్రవారం దాకా చూస్తా. ఎవరు బిగించారో తేలకపోతే, భాయ్, నువ్వు స్పేర్ పార్టుల కౌంటర్‌లో కూర్చో. ఇంజన్లు ఇంజనీరు చూసుకుంటాడు."

స్పానర్లు చుట్టి పెట్టుకునే గుడ్డ భాయ్‌కొకటి ఉంది. అది మడిచి, తాళ్ళు ముడివేసి, బల్ల కింద పెట్టాడు. ఆయన పగటిపూట ఆ గుడ్డ మడవడం నేను అంతకుముందు చూడలేదు. కౌంటర్‌లో కూర్చోబెట్టడమంటే, చేతులు ఇక చాలు అని చెప్పడమే.

ఆ తీర్పు వల్ల లాభపడేది నేను. ఆ లెక్కన వరసలో నా పేరు కూడా ఉండాలి. భాయ్ మనసులో ఉందని తెలుస్తూనే ఉంది. మర్నాటి నుంచి నేను ముట్టిన ప్రతి నట్‌నీ ఆయన ఇంకోసారి ముట్టి చూసేవాడు.

కొత్త వాల్వు వేశాం, అది కూర్చునే సీటు అరగదీశాం, హెడ్ ఎక్కించాం. నేనే దగ్గరుండి ఇంజన్ వేడెక్కించి, ఎగ్జాస్ట్‌లన్నీ పద్దెనిమిదికి పెట్టాను. రెండుసార్లు కొలిచాను. ఈసారి గీతలు గీయలేదు. భాయ్ చూస్తున్నాడు. గీయబుద్ధి కాలేదు.

ఆసామిని నేను ఒకటే అడిగాను. ఈసారి ఆయన తిరిగి వెళ్ళేటప్పుడు నన్నూ ఎక్కించుకోమని, డ్రైవర్ని రోజూ వెళ్ళినట్టే వెళ్ళమని.

"నేనూ వస్తా," అన్నాడు భాయ్ వెనక నుంచి. "నువ్వొక్కడివే పోయొచ్చి ఇక్కడ ఏం చెప్తావో నాకేం తెలుసు?"

బయల్దేరే ముందు ఓనర్ గారు నన్ను లోపలికి పిలిచి జాగ్రత్తలు చెప్పారు. తిరిగొచ్చేసరికి భాయ్ ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని జీపు వెనక సీట్లో కూర్చున్నాడు. నేను తెరిచి వదిలిన వాల్వు కవరు బిగించి ఉంది. "కవరు వేసేశా. ఎక్కు," అన్నాడు.

బందరు రోడ్డెక్కాం. కంకిపాడులో డ్రైవరు ఎవరూ చెప్పకుండానే ఎడమకి తిప్పి ఒక టీ బంకు ముందు ఆపాడు. ఎదురుగా చిన్న మెకానిక్ షెడ్డు. భాయ్ ఆ షెడ్డు వైపు చూసి, గబగబా దిగి, బంకు వెనక బల్ల మీద రోడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎవరి నుంచి దాక్కుంటున్నాడా అనుకున్నాను.

షెడ్డులోంచి ఒకతను చేతులు తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చాడు. "ఏంటండీ, మళ్ళీ మోగుతాంది? ఎవడి దగ్గర చేయించారు?"

డ్రైవరు అప్పటికే బానెట్ ఎత్తేశాడు. నీళ్ళు చూడ్డానికి కాదు.

"టీ తాగేలోపు అయిపోద్దండీ," అని అతను కవరు నట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఆ దారిలో అలాంటి జీపు అదొక్కటే. దాని మీద చెయ్యి వెయ్యాలని అతని మొహంలో ఎంత సరదా ఉందో చూశాను. డబ్బు మాట రాలేదు.

"మా చుట్టం. ఇతనూ చూస్తానంటున్నాడు," అని ఆసామి నన్ను చూపించాడు.

"తిప్పే ముందు ఒకసారి గేజ్ పెడదామా?" అన్నాను.

"గేజ్ ఎందుకండీ, చెవుంది కదా," అన్నాడు కానీ అడ్డం చెప్పలేదు. ఇంజన్ ఆపించి, వేడి మీదే ఒకటో ఎగ్జాస్ట్ కొలిచాను. పద్దెనిమిది రేకు దూరలేదు. పదిహేను దూరింది. రేకు సరిగ్గా పెట్టలేదేమోనని రెండోది కొలిచాను. పదిహేను. మూడోదీ అంతే. ఆ మెకానిక్ ఇంకా స్పానర్ కూడా తియ్యలేదు.

తలెత్తి బంకు వైపు చూశాను. భాయ్ వీపే కనపడుతోంది.

మెకానిక్ ఇంజన్ స్టార్ట్ చేయించాడు. పొడుగు స్క్రూడ్రైవర్ కొన రాకర్ షాఫ్ట్ మీద ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని వింటూ, ఒక్కో స్క్రూనీ వెంట్రుకవాసి తిప్పుకుంటూ పోయాడు. చాలా నేర్పుగా చేశాడు. ఆ చప్పుడు ఉండాలని తెలియదు, అంతే. "ఇప్పుడు వినండి. పిల్లిలా ఉంది," అన్నాడు. ఆసామి తృప్తిగా తలూపాడు. నేను ఆయన్ని పక్కకి తీసుకెళ్ళాను.

"ఇది మీరు మాకు చెప్పలేదండీ."

"చెబితే ఒప్పుకుంటారా మీరు? మొదటి రోజు ఇతనే అడిగాడు, ట్యాపెట్లు కొడతన్నాయేంటండీ అని. సరేలే అనుకున్నా. ఉయ్యూరులో ఇంకొకడు అన్నాడు. పామర్రులో ఇంకొకడు. ముగ్గురు మనుషులు ఒకే మాట అంటే ఏమనుకోవాల? మీరే ఏదో నొక్కేశారనుకున్నా. ఏం నొక్కేశారో దొరికేదాకా మీకు చెప్పొద్దని డ్రైవర్‌కి చెప్పా."

డ్రైవరు ఆ ఉదయం చూసిన చూపు ఇప్పుడు అర్థమైంది.

ఉయ్యూరులో భాయ్‌కి దాక్కోవడానికి చోటు దొరకలేదు. అక్కడి మెకానిక్ బానెట్ దాకా వచ్చి, వెనక సీట్లో మనిషిని చూసి, స్పానర్ కింద పడేసి పరిగెత్తుకొచ్చాడు. "గురువు గారూ! మీరేంటి ఇక్కడ?" అని వంగి కాళ్ళకి దండం పెట్టాడు.

"నువ్వు దీన్నేం చేస్తన్నావురా?"

"ట్యాపెట్లు కొడతంటే కాస్త బిగిస్తన్నా గురువు గారూ. మీరు చెప్పిందేగా. మోగే ఇంజన్ గేటు దాటితే మెకానిక్కి సిగ్గని."

భాయ్ మొహం చూడలేక నేను రోడ్డు వైపు తిరిగాను. ఎప్పటిలాగే చెయ్యమంటే అతను బిగించేశాడు. కంకిపాడు మెకానిక్ కూడా భాయ్ దగ్గరే పని నేర్చుకున్నాడట. పామర్రులో బిగించిన మెకానిక్ నేర్చుకున్నది ఇంకెవరి దగ్గరో. కానీ ఆ గురువు భాయ్ శిష్యుడు. ఎవరూ చెడు చేయాలనుకోలేదు. ఒక్కొక్కరూ తమ చెవికి నచ్చినంత మేర తగ్గించారు. ముందువాడు ఎంత తగ్గించాడో తర్వాతివాడికి తెలియదు.

చల్లపల్లిలో ఆసామి ఇంటి ముందు కొలిచాను. నాలుగో ఎగ్జాస్ట్ సందు ఆరు థౌ. ఒక్క పూట ప్రయాణానికే. మొదటిసారి తిరిగి వచ్చేటప్పుడూ అదే దారి, అవే చేతులు. చప్పుడు చచ్చిపోయాక ఇక ఎవరికీ బిగించే పని లేదు. ఆ నెలలో మిగిలిన రోజులన్నీ వాల్వు కాలుతూ ఉంటే, ఇంజన్ ఎంత నిశ్శబ్దంగా ఉందోనని అందరూ సంతోషించారు.

భాయ్ ఆ గేజ్ అందుకుని రేకులు మడిచాడు. తర్వాత ఆసామితో, "హైడ్రాలిక్ వేద్దామండీ. ఈ దారి పొడుగునా ఉన్నది నా పిల్లలే. వాళ్ళ చేతులు నేను ఆపలేను," అన్నాడు.

"మరి మా బావమరిది?"

"ఆ కొస స్పీడు దాకా బైపాస్ మీద ఎవరు తొక్కుతారండీ? దానికంటే కిందే దాటేస్తారు."

ఆసామి నా వైపు చూశాడు. గ్రాఫు గుర్తొచ్చినట్టుంది. నేను సరేనన్నాను. ఆ గ్రాఫు గీతల్లో నేను తప్పేమీ గీయలేదు. ఇప్పుడు గీసినా అలాగే గీస్తాను. కానీ ఏ క్యామ్ వెయ్యాలో తేల్చే ముందు స్పీడు, బరువు, పెట్రోలు, గేర్లు అడుగుతాం కదా. వాటి కింద ఇంకొకటి అడగండి: ఈ బండి ఎవరి చెవుల మధ్య తిరగబోతోంది? చప్పుడు విని చేతులు కట్టుకుని ఊరుకునేవాళ్ళ మధ్య అయితే సాలిడ్ వెయ్యండి. అనుమానం వచ్చేవాళ్ళ మధ్య అయితే, వాళ్ళకి అనుమానం రానిదే వెయ్యండి. హైడ్రాలిక్ వేశాక ఆ జీపు కవరు దారిలో ఎవరూ విప్పలేదని డ్రైవరు చెప్పాడు. నేను ఫోన్ చేసి రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే చెప్పాడు. బావమరిదిని దాటేశానని ఆసామి అంటాడు. నేనే పక్కకి తప్పుకున్నానని ఆ బావమరిది అంటాడట.

ఇక మిగిలింది పదిహేను థౌ సంగతి.

చల్లపల్లి నుంచి నేనూ భాయ్ బస్సులో తిరిగొచ్చాం. ఘంటసాల దారి దాటాక నేనే అన్నాను.

"కంకిపాడులో అతను ముట్టకముందే పదిహేను ఉంది భాయ్."

ఆయన కిటికీలోంచి కాలవ చూస్తున్నాడు. "ఉంటుంది."

"నేను పద్దెనిమిది పెట్టాను."

"తెలుసయ్యా. కవరు వేద్దామని పోయా. మరీ మోగుతాంది. అందుకే కొంచెమే తిప్పా."

"మొదటిసారి కూడానా?"

"మొదటిసారి నువ్వు గీతలు గీశావుగా. ముట్టుకోలా."

గీతలు విరిగాయి కాబట్టి, అవి ఎక్కడ విరిగాయో ఎవరికీ తెలియదు కాబట్టి, ఆ మాట నిజమో కాదో చూసుకునే దారి లేదు. ఇప్పుడు నా పనిలో అలాంటి జవాబులు చాలా వింటాను. కొన్నింటి పక్కన టిక్కు పెడతాను, కొన్నింటి పక్కన ప్రశ్న గుర్తు. దీని పక్కన ఏం పెట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. మూడు థౌ తగ్గినంత మాత్రాన వాల్వు కాలదు. అది మాత్రం నిజం. ఆ సంగతి ఓనర్ గారికి విడమరిచి చెప్పాలంటే ముందు భాయ్ పేరు చెప్పాలి. పేరు విన్నాక ఆయన మిగతాది వినరు.

శుక్రవారం పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. భాయ్ నాకంటే ముందే వచ్చాడు. బల్ల కింద నుంచి స్పానర్ల గుడ్డ తీశాడు కానీ తాళ్ళు విప్పలేదు. దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఓనర్ గారు కుర్చీ లాక్కుని కూర్చుని, నా వైపు చూసి అడిగారు.

"తేలిందా? ఎవరు బిగించారు?"

"దారిలో మెకానిక్కులండీ. చప్పుడు తగ్గిద్దామని."

"నీ కళ్ళతో చూశావా?"

"చూశానండీ."

"మొత్తం ఎంతమంది?"

భాయ్ తలెత్తలేదు. తాడు ముడి మీద ఆయన వేళ్ళు ఆగి ఉన్నాయి.

"ముగ్గురు," అన్నాను.